పీజీ, పీహెచ్‌డీ ప్రతినిధుల ఎన్నికకు హీలియోస్: లెక్క నమ్మొచ్చు, మిగతాది మనమే చూసుకోవాలి

సెనేట్‌లోనో అకడమిక్ కౌన్సిల్‌లోనో పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులకు దక్కేవి మహా అయితే ఒకటో రెండో సీట్లు. చుట్టూ ప్రొఫెసర్లు, డీన్లు. ఫెలోషిప్ ఆలస్యం గురించో, గైడ్‌ను మార్చుకునే నిబంధన గురించో ఆ ఒక్క మనిషి లేచి మాట్లాడితే "అసలు మిమ్మల్ని ఎంతమంది ఎన్నుకున్నారు, ఎలా ఎన్నుకున్నారు?" అని ఎవరో ఒకరు అడగక మానరు. తడుముకోకుండా జవాబు చెప్పాలంటే ఎన్నిక మీద ఎవరూ వేలెత్తి చూపలేనట్టు ఉండాలి. అందుకోసం ఉచితంగా దొరికే ఆన్‌లైన్ ఓటింగ్ సాధనాల్లో హీలియోస్ ఒకటి.

ముందే తేల్చి చెప్పేస్తే, ఒకే సీటుకు కొన్ని వందల నుంచి కొన్ని వేల మంది ఓటర్లతో జరిగే ఎన్నికకు ఇది భేషుగ్గా పనికొస్తుంది. ఒకే జాబితా నుంచి ఇద్దరు ముగ్గురిని ఎన్నుకోవాల్సి వస్తే వేరేది చూసుకోవడం మేలు. పదిమంది కూడా లేని విభాగానికి విడిగా ఎన్నిక పెట్టే పనైతే దీన్నే కాదు, దేన్నీ వాడకండి. ఓట్లు సరిగ్గా లెక్కించారని హీలియోస్ రుజువు చూపిస్తుంది. కానీ విద్యార్థి ఎన్నికలు ఎక్కువగా చెడేది లెక్కింపుకు ముందే: ఓటర్ల జాబితా దగ్గర, సీట్లు పంచిన తీరు దగ్గర, గుప్తీకరించిన ఓట్లను విప్పే తాళంచెవులు ఎవరి చేతిలో ఉన్నాయో పట్టించుకోని దగ్గర. అక్కడ హీలియోస్ మనకు పెద్దగా సాయం చేయదు. ఐదుకి మూడున్నర ఇవ్వొచ్చు.

అసలు ఇదేం చేస్తుంది

క్రిప్టోగ్రఫీ పరిశోధకుడు బెన్ అడీడా 2008లో యూజ్‌నిక్స్ సెక్యూరిటీ సదస్సులో దీన్ని ప్రకటించారు. 2009లో బెల్జియంలోని లువైన్ కాథలిక్ విశ్వవిద్యాలయం తన అధ్యక్షుడి ఎన్నిక దీని మీదే జరిపింది. ఓటు హక్కున్నవారు సుమారు 25,000 మంది. అధ్యాపకుల ఓటుకూ, సిబ్బంది ఓటుకూ, విద్యార్థుల ఓటుకూ బరువు వేరువేరు. ప్రిన్స్‌టన్‌లో విద్యార్థి సంఘం ఎన్నికలకూ వాడారు. క్రిప్టోగ్రఫీ పరిశోధకుల అంతర్జాతీయ సంఘం ఐఏసీఆర్ 2010 నుంచి తన పాలకవర్గాన్ని దీనితోనే ఎన్నుకుంటోంది.

ఓటరు బ్రౌజర్‌లోనే ఓటు గుప్తసంకేతంగా మారి సర్వర్‌కు చేరుతుంది. ఎల్‌గమాల్ అనే గుప్తీకరణ పద్ధతిలో దాచిన ఓట్లను విప్పకుండానే ఒకదానితో ఒకటి కలపొచ్చు. ఎన్నిక ముగిశాక అన్నింటినీ అలాగే కలిపేసి, వచ్చిన మొత్తాన్ని మాత్రమే విప్పుతారు. ఏ ఒక్కరి ఓటూ విడిగా తెరుచుకోదు. ప్రతి ఓటరుకూ 'బ్యాలెట్ ట్రాకర్' అనే ఒక సంకేతం వస్తుంది. తన ఓటు పెట్టెలో ఉందో లేదో బహిరంగ జాబితాలో ఆ సంకేతాన్ని వెతికి చూసుకోవచ్చు. గుప్తీకరించిన ఓట్లన్నీ ఎవరైనా దించుకుని మొత్తం సరిపోయిందో లేదో సొంతంగా లెక్క కట్టొచ్చు.

గూగుల్ ఫామ్‌తో పోల్చితే తేడా ఇక్కడే. ఈమెయిల్ తీసుకునే ఫామ్‌లో ఎవరు ఎవరికి వేశారో ఫామ్ యజమానికి కనిపిస్తుంది. ఈమెయిల్ తీసుకోకుండా, ఖాతాకు ఒకే జవాబు అన్న పరిమితీ పెట్టకపోతే ఒకరు ఎన్నిసార్లు వేశారో తెలియదు. పైగా ఆ షీటులో ఒక గడి మార్చినా బయటివాళ్లకు తెలిసే దారి లేదు. ఓడిన అభ్యర్థి రిజిస్ట్రార్‌కు ఫిర్యాదు రాస్తే చూపడానికి చేతిలో ఏమీ ఉండదు.

ఏర్పాటు: ఎక్కడ తప్పులు జరుగుతాయి

ఎన్నిక సృష్టించడం పది నిమిషాల పని. సంక్షిప్త నామం, పూర్తి పేరు, వివరణ, సాయం కోరేవారికి ఒక ఈమెయిల్, మొదలు, ముగింపు వేళలు ఇవ్వాలి. వేళలు అడిగేది యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో. మీ గడియారం చూసి ఉన్నదున్నట్టు రాస్తే పోలింగ్ కొన్ని గంటలు అటో ఇటో జరుగుతుంది, అభ్యర్థులు వాట్సాప్‌లో యుద్ధం మొదలుపెడతారు. యూటీసీకి మార్చి రాసి, నోటీసులో మాత్రం స్థానిక సమయమే ఇవ్వండి. ముగింపు అర్ధరాత్రి పెట్టకండి. ఆఖరి గంటలోనే పాస్‌వర్డ్ దొరకలేదనే ఫిర్యాదులన్నీ వస్తాయి, అప్పుడు జవాబు చెప్పే మనిషి మెలకువగా ఉండాలి. పనిదినం మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలు మంచి వేళ. పోలింగ్ మూడు నుంచి ఐదు రోజులు చాలు.

ఇక్కడే మూడు టిక్ పెట్టెలుంటాయి. అభ్యర్థుల పేర్లు ఒక్కో ఓటరుకు ఒక్కో వరుసలో చూపించేదానికి తప్పక టిక్ పెట్టండి. మొదటి పేరుకు అప్పనంగా దక్కే ఓట్లు ఆగుతాయి. ఎన్నిక పేజీ ఓటర్లకు మాత్రమే కనిపించాలా అన్నది మీ ఇష్టం. మూడోది ఓటర్ల పేర్లకు బదులు మారుపేర్లు చూపించడం. అది తేలిగ్గా తీసుకునే విషయం కాదు, కింద విడిగా చెబుతాం.

ప్రశ్నల పేజీలో కనిష్ఠం, గరిష్ఠం ఎన్ని ఎంచుకోవచ్చో పెట్టాలి. కనిష్ఠం సున్నా ఉంటే ఖాళీ ఓటు కూడా పడుతుంది. అది ఉండనివ్వడమే మంచిది, కానీ ఖాళీ ఓట్లను పోలైన ఓట్లలో కలపాలా వద్దా అన్నది మీ నియమావళిలో ముందే రాసి ఉండాలి. ఫలితం రకం రెండు: 'రిలేటివ్' పెడితే ఎక్కువ ఓట్లొచ్చినవారే విజేత, 'అబ్సల్యూట్' పెడితే సగానికి మించి రావాలి, రాకపోతే విజేత లేనట్టే. నలుగురు పోటీ చేసే సీటుకు అబ్సల్యూట్ పెట్టి, రెండో రౌండు గురించి నియమం రాసుకోకుండా కూర్చుంటే ఎన్నిక జరిగినా ప్రతినిధి ఉండరు. సమాన ఓట్లొస్తే ఎలా తేల్చాలో కూడా కాగితం మీద ముందే ఉండాలి, యంత్రం తేల్చదు.

ఒకే అభ్యర్థి నిలబడ్డ సీట్లు పీజీ సంఘాల్లో మామూలే. అలాంటప్పుడు 'వీరెవరూ కాదు' అన్నది రెండో జవాబుగా మీరే చేర్చాలి. హీలియోస్ తనంతట తాను చేర్చదు.

అంతా అయ్యాక 'ఫ్రీజ్' నొక్కాలి. దాంతో ప్రశ్నలు, అభ్యర్థులు, ట్రస్టీలు (ఓట్లు విప్పే తాళంచెవులు ఉంచుకునేవారు) ఇక మారరు. ఆ తర్వాత ఒక అభ్యర్థి థీసిస్ సమర్పించి వెళ్లిపోయినా, నామినేషన్ ఉపసంహరించుకున్నా ఆ పేరు తీయలేరు. రెండే దారులు: ఎన్నిక రద్దు చేసి కొత్తది పెట్టడం, లేదా ఆ పేరుకు పడ్డ ఓట్లు చెల్లవని ప్రకటించడం. రెండోది అన్యాయం. ఆయనకు ఓటేసినవారి రెండో ఎంపిక ఎవరో హీలియోస్‌కు తెలియదు, విడి ఓట్లు విప్పరు కాబట్టి తర్వాతైనా తెలిసే అవకాశం లేదు. అందుకే ఉపసంహరణ గడువుకూ ఫ్రీజ్‌కూ మధ్య కనీసం రెండు పనిదినాలు వదలండి. ఫ్రీజ్ చేయగానే పేజీలో ఒక 'ఎన్నిక వేలిముద్ర' సంకేతం కనిపిస్తుంది. దాన్ని నోటీసు బోర్డులో ఎక్కించండి. ఆ తర్వాత ప్రశ్న మార్చారన్న పుకారుకు తావుండదు.

ఓటర్ల జాబితా

అసలు తలనొప్పి ఇది. డిగ్రీ విద్యార్థుల జాబితా దాదాపు సూటిగా ఉంటుంది. పీజీ, పీహెచ్‌డీ జాబితాలో మాత్రం ఎటూ తేలనివారే ఎక్కువ. థీసిస్ సమర్పించి వైవా కోసం చూస్తున్నవారు ఓటర్లేనా? సెలవు మీద ఉన్నవారు? ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నవారు? రెండు సంస్థల్లో ఉమ్మడిగా నమోదైనవారు? ఇంటిగ్రేటెడ్ కోర్సులో నాలుగో ఏడాదిలో ఉన్నవారు డిగ్రీ కింద వస్తారా, పీజీ కిందా? ఒక్కొక్క ప్రశ్నకూ అవునో కాదో అన్న జవాబు నియమావళిలో ఉండాలి, ఒక కటాఫ్ తేదీ ఉండాలి. ఆ తేదీనాటి జాబితా అకడమిక్ సెక్షన్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. పోలింగ్‌కు వారం ముందు దాన్ని బయటపెట్టి అభ్యంతరాలు స్వీకరించండి. వైవా కోసం ఎదురుచూసేవారిని ఓటర్లుగా ఉంచడమే మా సిఫార్సు. గైడ్‌తో, పరీక్షల విభాగంతో, ఫీజు బకాయిలతో ఎక్కువ తంటాలు పడేది వాళ్లే.

హీలియోస్‌కు జాబితాను సీఎస్‌వీ (గడుల మధ్య కామాలుండే) ఫైలుగా ఎక్కించాలి: ఒక్కో ఓటరుకు ఒక్కో వరుస, అందులో గుర్తింపు సంఖ్య, ఈమెయిల్, పేరు. గుర్తింపు సంఖ్యగా ఈమెయిల్‌ను వాడకండి. సంస్థ మెయిల్, సొంత మెయిల్ రెండూ ఉన్న మనిషి రెండుసార్లు చేరిపోతాడు. రిజిస్ట్రేషన్ నంబరే వాడండి. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే సున్నాతో మొదలయ్యే నంబర్లలో ఆ సున్నా ఎగిరిపోతుంది, కాబట్టి నేరుగా తెరవకుండా, ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా ఎంచుకుని ఇంపోర్ట్ చేయండి. పేరులో కామా ఉంటే వరుస పక్కకు జరుగుతుంది. తెలుగులో పేర్లు రాయాలంటే ఫైలు యూటీఎఫ్-8లో సేవ్ చేయాలి, లేకపోతే పిచ్చి గుర్తులు వస్తాయి. ప్రశ్నలు, అభ్యర్థుల పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు గానీ బటన్లు మాత్రం ఇంగ్లీషులోనే ఉంటాయి.

ఎక్కించాక పేజీలో కనిపించే ఓటర్ల సంఖ్యను సెక్షన్ ఇచ్చిన సంఖ్యతో సరిచూడండి. ఒక్కటి తేడా వచ్చినా ముందుకు కదలొద్దు.

తాళంచెవులు: ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ

గుప్తీకరించిన మొత్తాన్ని విప్పే తాళంచెవులు 'ట్రస్టీ'ల దగ్గర ఉంటాయి. ఏమీ మార్చకపోతే హీలియోస్ సర్వరే ఏకైక ట్రస్టీ. సులువే, కానీ సర్వర్ నడిపేవారు తలచుకుంటే విడి ఓట్లు కూడా విప్పగలరు. అందుకని మనుషుల్ని ట్రస్టీలుగా చేర్చుకోవాలి. ఒక్కొక్కరికీ లింకు వెళ్తుంది, వారి బ్రౌజర్‌లోనే తాళంచెవి తయారవుతుంది, రహస్య భాగాన్ని వారే దాచుకోవాలి. సర్వర్‌లో దాని కాపీ ఉండదు.

చిక్కు ఏమిటంటే, ట్రస్టీలు ముగ్గురుంటే ముగ్గురి తాళాలూ కావాలి. ఒక్కటి పోయినా ఫలితం ఎప్పటికీ తెరుచుకోదు. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 2025 చివర్లో ఐఏసీఆర్ ఎన్నికలో సరిగ్గా ఇదే జరిగింది. ముగ్గురు ట్రస్టీల్లో ఒకరి తాళంచెవి తిరిగి రాకుండా పోయింది, పోలైన ఓట్లన్నీ పెట్టెలోనే ఉండిపోయాయి, ఎన్నిక మళ్లీ జరపాల్సి వచ్చింది. తాళాల శాస్త్రం రాసినవాళ్ల ఇంట్లోనే తాళం పోతే, పరీక్షల సీజన్‌లో ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేసుకునే పీహెచ్‌డీ విద్యార్థి సంగతి చెప్పాలా!

మా సలహా: సర్వర్‌తో పాటు ఇద్దరు మనుషులు, అంతకు మించి వద్దు. ఒకరు పోటీలో లేని విద్యార్థి ఎన్నికల అధికారి, రెండోవారు అకడమిక్ సెక్షన్ అధికారి. పాలనకూ విద్యార్థులకూ చెరొక తాళం ఉంటే ఒకరు లేకుండా ఒకరు పెట్టె తెరవలేరు. తాళం ఫైలును ఒక్కొక్కరూ రెండు పెన్‌డ్రైవుల్లో, రెండు వేరువేరు చోట్ల ఉంచాలి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ పనికిరాదు. ఆ పొడవాటి అక్షరాల్లో ఒక్కటి తప్పు టైపు చేసినా తెరుచుకోదు. ఫ్రీజ్ చేసేముందు ట్రస్టీ పేజీలో తమ దగ్గరున్న తాళం సరైనదో కాదో పరీక్షించుకునే సదుపాయం ఉంది. ట్రస్టీలిద్దరినీ కూర్చోబెట్టి, పెన్‌డ్రైవ్‌లోంచి తీసిన ఫైలుతోనే ఆ పరీక్ష చేయించండి. ఎక్కువమంది ఈ పని వదిలేస్తారు.

అసలు ఎన్నికకు ముందు ఐదుగురు ఓటర్లతో ఒక ఉత్తుత్తి ఎన్నిక మొదటి నుంచి ఫలితం దాకా నడపండి. ఓటు వేయడం దగ్గరే ఆపేస్తే లాభం లేదు. ట్రస్టీలు విప్పే దశ కూడా దాటాలి.

ఓటరుకు ఎలా ఉంటుంది

ఓటరుకు మెయిల్‌లో లింకు, గుర్తింపు, పాస్‌వర్డ్ వస్తాయి. మెయిళ్లు స్పామ్‌లో పడటం అన్ని చోట్లా ఉన్న జబ్బే. సంస్థ కంప్యూటర్ సెంటర్‌కు ముందే చెప్పి పంపే చిరునామాను అనుమతించమనండి. ఇంకా ఓటు వేయనివారికి మాత్రమే గుర్తు చేసే మెయిల్ పంపే వీలుంది, అది బాగుంది.

లింకు తెరిస్తే పోలింగ్ బూత్ పేజీ వస్తుంది. పేరు ఎంచుకోవాలి, సరిచూసుకోవాలి, సమర్పించాలి. అప్పుడు 'మీ గుప్త ఓటు అందింది, ఇంకా నమోదు కాలేదు, లాగిన్ అవ్వండి' అన్న అర్థం వచ్చే పేజీ వస్తుంది. చాలామంది అక్కడే కిటికీ మూసేస్తారు! పేరు ఎంచుకున్నారు, సమర్పించారు, ట్రాకర్ కూడా కనిపించింది, ఇంకేం కావాలి అనుకుంటారు. లాగిన్ అయ్యి, మరోసారి ఖాయం చేస్తేనే ఓటు పడుతుంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన వినియోగ పరీక్షలో కూడా హీలియోస్‌లో ఓటు పూర్తి చేయలేకపోయినవారు చెప్పుకోదగ్గ సంఖ్యలో తేలారు. లాగిన్‌ను చివర్లో పెట్టడానికి కారణం ఉంది: బూత్‌ను ఎవరైనా, ఓటరు కానివారైనా, తెరిచి పరీక్షించగలగాలి. కారణం మంచిదే, ఓటరు పాట్లు మాత్రం అలాగే ఉన్నాయి. మెయిల్‌లో పెద్ద అక్షరాలతో ఒక వాక్యం రాయండి: 'లాగిన్ అయ్యి ఖాయం చేశాక నిర్ధారణ మెయిల్ వస్తేనే మీ ఓటు పడినట్టు.'

సమర్పించే ముందు 'ఆడిట్' అనే మీట కూడా ఉంటుంది. బ్రౌజర్ మీరు చెప్పిన పేరునే గుప్తీకరించిందా, మరొకటి చేసిందా అని పట్టుకునే పరీక్ష అది. ఆడిట్ చేసిన ఓటును వేయడానికి వీల్లేదు, మళ్లీ కొత్తగా గుప్తీకరించాలి, ట్రాకర్ మారుతుంది. అందరూ చేయక్కర్లేదు. ఒక్కో అభ్యర్థి తరఫున ఇద్దరు ముగ్గురు, వేరువేరు కంప్యూటర్ల మీద చేస్తే చాలు. అభ్యర్థుల సమావేశంలో ఈ పని వారికే అప్పగించండి, ఏజెంట్లను కూర్చోబెట్టినట్టే.

గైడ్ పక్కన ఉంటే?

హీలియోస్ తయారుచేసినవారు మొదటి నుంచీ ఒక మాట చెబుతున్నారు: ఒత్తిడి పెద్దగా లేని ఎన్నికలకే ఇది, విద్యార్థి సంఘాలు, క్లబ్బులు అలాంటివి. డిగ్రీ విద్యార్థుల వరకూ ఆ మాట ఒప్పుకోవచ్చు. పీహెచ్‌డీ విద్యార్థి విషయంలో ఒప్పుకోవడం కష్టం. ఫెలోషిప్ పొడిగింపు మీద సంతకం, ల్యాబ్‌లో చోటు, సిఫార్సు ఉత్తరం అన్నీ ఒకే మనిషి చేతిలో ఉంటాయి. ఆ మనిషి సెనేట్‌లోనూ కూర్చుంటే, తన ల్యాబ్ నుంచి ఎవరు గెలవాలో ఆయనకూ ఒక అభిప్రాయం ఉండొచ్చు.

హీలియోస్‌లో దీనికి ఉన్న ఊరట ఒక్కటే: పోలింగ్ ముగిసేలోపు ఎన్నిసార్లయినా మళ్లీ ఓటు వేయొచ్చు, ఆఖరిదే లెక్క. ల్యాబ్‌లో ఎవరి ముందైనా వేయాల్సి వచ్చినా రాత్రి గదిలో కూర్చుని మార్చుకోవచ్చు. ఈ సంగతి ఓటర్లందరికీ మెయిల్‌లో చెప్పండి. తెలియని హక్కు లేనట్టే.

ఇప్పుడు మారుపేర్ల విషయం. అవి లేకపోతే బహిరంగ జాబితాలో ప్రతి ఓటరు పేరు, పక్కన ఓటు వేశారో లేదో కనిపిస్తుంది. ఎవరికి వేశారో తెలియకపోయినా, ఎవరు ఇంకా వేయలేదో తెలిస్తే చాలు, వెంటపడేవాళ్లు పడతారు. బహిష్కరణ పిలుపు ఉన్నప్పుడైతే ఓటు వేయడమే ఒక ప్రకటన అవుతుంది. మారుపేర్లు పెడితే 'వీ12' లాంటివి మాత్రమే కనిపిస్తాయి. కానీ అప్పుడు ఓటు వేయని మనిషి పేరు మీద సర్వర్ నడిపేవారు ఓటు చొప్పిస్తే బయటివారు పట్టుకోవడం కష్టం. పేర్లుంటే 'నేను వేయలేదే, వేసినట్టు చూపిస్తోందేం' అని ఒకరైనా అడుగుతారు. పీహెచ్‌డీ ఎన్నికకు మారుపేర్ల వైపే మా మొగ్గు. ఆ లోటు పూడ్చడానికి, పోలింగ్ అయ్యాక 'మీరు ఓటు వేసినట్టు నమోదైంది' లేదా 'నమోదు కాలేదు' అని ఒక్కో ఓటరుకు విడిగా మెయిల్ పంపాలి.

చేయలేనివి

ప్రాధాన్య క్రమంలో ఒకటి, రెండు, మూడు అని ఓటు వేసే పద్ధతి హీలియోస్‌లో లేదు. రెండు సీట్లకు 'ఇద్దరిని ఎంచుకోండి' అని పెడితే, సంఖ్యాబలం ఉన్న ఫ్యాకల్టీ రెండూ ఎగరేసుకుపోతుంది. పీహెచ్‌డీ విద్యార్థుల్లో అరవై శాతం సైన్స్, ఇంజనీరింగ్ వాళ్లే ఉన్నచోట చరిత్ర, భాషల విభాగాలకు ఆ సెనేట్ సీటు అందని ద్రాక్షే. దీనికి మందు రెండు రకాలు. ఒకటి, ప్రాధాన్య ఓటున్న వేరే సాధనం; దాని సంగతి తర్వాత చెబుతాం. రెండోది, నియోజకవర్గాలుగా విడగొట్టడం. టొరంటో విశ్వవిద్యాలయ పాలక మండలిలో 50 మంది సభ్యులు, విద్యార్థులు 8 మంది, అందులో గ్రాడ్యుయేట్ విద్యార్థులకు 2. ఆ రెండింటినీ మానవీయ, సామాజిక శాస్త్రాలకు ఒకటి, భౌతిక, జీవ శాస్త్రాలకు ఒకటి అని పంచారు. హీలియోస్‌లో ఇలా చేయాలంటే ఒక్కో నియోజకవర్గానికి ఒక్కో ఎన్నిక విడిగా పెట్టాలి. ఒకే ఎన్నికలో ఓటరును బట్టి ప్రశ్న మారదు. రెండు ఎన్నికలంటే రెండు జాబితాలు, రెండు జతల తాళాలు.

విడగొట్టడం ఎక్కడ ఆపాలో కూడా తెలియాలి. విభాగానికొక సీటు అంటే వినడానికి బాగుంటుంది. కానీ ఆరుగురు ఓటర్లున్న విభాగంలో ఆరు ఓట్లూ ఒకరికే పడితే అందరి ఓటూ బయటపడ్డట్టే, ఏ గుప్తలిపీ కాపాడలేదు. 2011లో కోర్టియే, స్మిత్ అనే పరిశోధకులు అప్పటి హీలియోస్‌లో ఒకరి గుప్త ఓటును మరొకరు కాపీ కొట్టి వేయొచ్చని, చిన్న ఎన్నికలో దాంతో ఆ మొదటి మనిషి ఓటు ఊహించొచ్చని చూపించారు. అక్కడా ఓటర్లు ఎంత తక్కువైతే ప్రమాదం అంత ఎక్కువ. నియోజకవర్గంలో కనీసం ముప్పై మంది ఓటర్లుండేలా విభాగాలను కలపండి.

ఒకే సీటుకు ముగ్గురు నలుగురు పోటీలో ఉండి ఓట్లు చీలుతాయన్న భయం ఉంటే, గరిష్ఠం దగ్గర 'అప్రూవల్' ఎంచుకోవచ్చు. ఓటరు తనకు సమ్మతమైన వారందరికీ టిక్ పెడతాడు, ఎక్కువ టిక్కులొచ్చినవారు గెలుస్తారు. ప్రాధాన్య ఓటు లేని లోటును ఇది చాలావరకు తీరుస్తుంది. నియమావళిలో 'ఒక ఓటరుకు ఒక ఓటు' అని ఉంటే ముందు దాన్ని సవరించుకోవాలి.

సొంత సర్వర్ మీదా, వేరే చోటా

హీలియోస్ సైటులోనే ఎన్నిక పెట్టుకుంటే ఖర్చు లేదు. కోడ్ బహిరంగమే కాబట్టి సంస్థ సర్వర్‌లో పెట్టుకోవచ్చు, సంస్థ లాగిన్‌కు కలుపుకోవచ్చు. పైథాన్, జాంగో, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, వెనక పనులు చేసే సెలరీ, ఇవన్నీ చూసుకునే మనిషి కావాలి. ముఖ్యంగా సెలరీ ఆగిపోతే సైటు చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, ఓట్లూ అందుతాయి; కానీ వాటి తనిఖీ జరగదు, మెయిళ్లు పోవు. పోలింగ్ మొదలైన తొలి గంటలోనే ఒక ఓటు తనిఖీ పూర్తయి జాబితాలోకి ఎక్కిందో లేదో చూడండి. దీన్ని నిలబెట్టిన సీనియర్ పట్టా పుచ్చుకుని వెళ్లిపోతే మరుసటి ఏడాది ఎవరూ ముట్టుకోరు. అలాంటి చోట సైటే నయం.

ప్రాధాన్య ఓటు తప్పనిసరైతే రెండు పేర్లు చెప్పొచ్చు. ఫ్రాన్స్ పరిశోధకులు హీలియోస్ నుంచే మలిచిన బెలేనియోస్‌లో ముగ్గురిలో ఇద్దరి తాళాలుంటే చాలన్నట్టు పెట్టుకునే వీలుంది. ఓటరు సంకేతాలను సర్వర్ కాక వేరొకరు జారీ చేయొచ్చు కాబట్టి సర్వర్ ఒక్కటే ఓట్లు చొప్పించడం కుదరదు. ఎస్‌టీవీ (మిగులు ఓట్లు తర్వాతి ప్రాధాన్యానికి మారే పద్ధతి), కాండోర్సే (అభ్యర్థులను ఇద్దరిద్దరిగా పోల్చే పద్ధతి) లెక్కింపులూ ఉన్నాయి. అభ్యర్థులు పదిమంది దాటితే మాత్రం ఒక జాగ్రత్త: ప్రాధాన్య ఓట్లను కలగలిపి విడివిడిగా విప్పుతారు, వింత వరుసక్రమం రాయమని ఎవరికైనా చెప్పి తర్వాత దాన్ని గుర్తుపట్టొచ్చు. రెండోది ఓపావోట్. ఎస్‌టీవీ లెక్కింపు దాని బలం, వాడటం తేలిక. కానీ హీలియోస్‌లో లాగా ఎవరైనా గుప్త ఓట్లు దించుకుని రుజువు చూసుకునే ఏర్పాటు దానిది కాదు, నడిపేవారిని నమ్మాలి.

ఫలితం తర్వాత

పోలింగ్ ముగియగానే గుప్త మొత్తం కట్టమని నొక్కాలి, ట్రస్టీలు తమ తాళాలతో వచ్చి తమ వంతు విప్పాలి, ఆపైన ఫలితం కూర్చి విడుదల చేయాలి. ట్రస్టీలిద్దరినీ ఒకే గదికి రప్పించి, అభ్యర్థుల ముందే చేస్తే అరగంటలో అయిపోతుంది. ఎవరి ఇంటి నుంచి వాళ్లు చేస్తే రెండు రోజులు పడుతుంది, ఆ రెండు రోజులూ పుకార్లే.

సెనేట్ కార్యదర్శికి పంపే ఫలిత పత్రంలో గెలిచినవారి పేరొక్కటే రాసి వదిలేయకండి. కటాఫ్ తేదీ, జాబితాలోని ఓటర్ల సంఖ్య, పోలైన ఓట్లు, ఖాళీ ఓట్లు, ఒక్కో అభ్యర్థికి వచ్చినవి, ఎన్నిక వేలిముద్ర, ట్రస్టీల హోదాలు, ఫిర్యాదుల గడువు అన్నీ ఉండాలి. పదవీకాలం మధ్యలో ప్రతినిధి పట్టా తీసుకుని వెళ్లిపోతే తర్వాతి స్థానంలో ఉన్నవారు వస్తారా, మళ్లీ ఎన్నికా అన్నది కూడా అందులోనే రాయండి. రెండేళ్ల పీజీ విద్యార్థి గెలిస్తే ఆ అవసరం రావడం దాదాపు ఖాయం. ట్రస్టీల తాళాలన్నీ ఒకచోట చేరితే విడి ఓట్లు కూడా విప్పొచ్చు. అందుకని ఫిర్యాదుల గడువు దాటిన మర్నాడే పెన్‌డ్రైవుల్లోని తాళం ఫైళ్లను తుడిచేసి, తుడిచేసినట్టు ఇద్దరి చేతా సంతకం చేయించి ఎన్నిక ఫైలులో పెట్టండి.